నూనె కాగేలోపు నీటి సంగతి

ముంబయిలోని కామాటిపురాకు ఆ పేరు తెలుగు నేల నుంచి, ముఖ్యంగా నిజాం రాజ్యం నుంచి కట్టడపు పనులకు వలస వచ్చిన కామాటీల వల్ల ఏర్పడింది. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట సముద్రపు పోటును ఆపి పల్లపు భూములను నివాసయోగ్యం చేశాక అక్కడ స్థిరపడిన ఆ కూలీలలోనూ, తరువాత బట్టల మిల్లులను నమ్ముకొని వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాలలో ఒంటిగది ఇళ్ల వరుసలైన చాళ్లకు చేరిన పద్మశాలి కుటుంబాలలోనూ ఎక్కువ మంది కడలి ఎరుగని ఊళ్లవారు. వారికి చేప అంటే కొర్రమీను, బొచ్చె, రవ్వ వంటి చెరువు చేపే. ముంబయి వారి మూకుడులోకి పాప్లెట్ అని పిలిచే చందువను, సురమై అని పిలిచే వంజరాన్ని, అన్నిటికంటే చవకైన బొంబిల్‌ను తెచ్చిపెట్టింది. ఇంటి వంటలో చేపను నూనెలో ముంచి వేయించడానికి కావలసిన నేర్పులో అధిక భాగం నీటిని అదుపు చేయడమేనని ఆ చివరి చేప చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

కొర్రమీను కండ గట్టిది కావడం వల్ల దానికి అడ్డంగా గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి కాసేపు ఉంచి నూనెలో వేస్తే ముక్క చెదరదు. బొంబిల్ కండలో పదింట తొమ్మిది పాళ్లకు దగ్గరగా నీరే ఉంటుంది గనుక, అదే పద్ధతిలో వేస్తే నూనె చిటపటలాడి మీదికి చిందడమే కాక చేప మూకుడులోనే విడిపోతుంది. ముంబయి తీరపు మత్స్యకారులైన కోలీల ఇళ్లలో ఈ చేపకు తల, రెక్కలు తీసేసి, పొట్ట వైపు నిలువునా చీల్చి పరచి, ఉప్పు రాసి, బట్టల మడతల నడుమ పెట్టి పైన బరువైన రాయిని ఉంచుతారు. ఉప్పు కండలోని తేమను బయటికి లాగుతుంది, బరువు దాన్ని పిండుతుంది, బట్ట పీల్చుకుంటుంది. గంట తరువాత తీసి చూస్తే మందమైన, జారిపోయే చేప పల్చని పట్టీగా, చేతితో ఎత్తినా తెగనంత బిగువుగా మారి ఉంటుంది. తెలంగాణ అలవాటు ప్రకారం మసాలాను, ఉప్పును ఒకేసారి కలిపి పట్టించడం ఇక్కడ పనికిరాదు. ముందు ఉప్పు పని పూర్తి కావాలి, ఊరిన నీటిని తుడిచేయాలి, ఆ తరువాతే నీళ్లు కలపకుండా నూరిన ముద్ద రాయాలి. పైన అద్దే బియ్యప్పిండిని గాని బొంబాయి రవ్వను గాని నూనె కాగిన తరువాతే అద్దడం మేలు. ముందే అద్ది ఉంచితే అది తేమను తాగి, కరకరలాడే పొరకు బదులు జిగురు ముద్ద అవుతుంది.

నూనె వేడి సుమారు 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, ముక్క పడిన వెంటనే దాని ఉపరితలంలోని తేమ ఆవిరై బుడగలుగా బయటికి తోసుకు వస్తుంది. ఆ ఆవిరి బలంగా వెలువడుతున్నంతసేపు నూనె లోపలికి చొరబడడం కష్టం. చాల్ గదిలోని చిన్న మూకుడులో పట్టే కొద్దిపాటి నూనెకు వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. అందులో ఒకేసారి నాలుగైదు ముక్కలు వేస్తే నూనె చల్లబడి, బుడగలు నీరసించి, పొర మెత్తబడుతుంది. రెండేసి ముక్కలు వేయడం ఆలస్యమనిపించినా అదే సరైన దారి. చిటికెడు రవ్వ వేయగానే అది మునగకుండా పైకి తేలి చుట్టూ నురగ కట్టడం నూనె సిద్ధమైందనడానికి గుర్తు. మొదట దట్టంగా వినిపించిన చప్పుడు పలచబడి విడివిడిగా వినిపించడం ముక్క తీయవలసిన సమయానికి గుర్తు.

నూనె పీల్చుకోవడం చాలా వరకు మూకుడు బయట జరుగుతుందన్నది తగినంత ప్రచారం పొందని విషయం. తీసిన ముక్క చల్లారుతుండగా పొరలోని ఆవిరి నీరై కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనె చేరుతుంది. అందువల్ల తీసిన క్షణంలోనే చిల్లుల గరిటెను మూకుడు అంచుకు ఆనించి నూనె వడియనిచ్చి, ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా జల్లెడ మీద విడివిడిగా పరచాలి. పాత వార్తాపత్రికపై పోసే అలవాటు సిరా దృష్ట్యా కూడా మానదగినదే. చేప వేయించిన నూనెను పదే పదే కాచడం మంచిది కాదు. 2018 నుంచి ఆహార వ్యాపారాలలో, కాగి కాగి నూనె విరగడం వల్ల పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదన్న నిబంధన అమలులో ఉంది. వాటిని కొలిచే సాధనం ఇంట్లో ఉండదు గనుక నల్లబడిన రంగు, చిక్కదనం, తొందరగా లేచే పొగ చూసి ఆ నూనెను పారేయాలి. అయితే గదిలో స్నానానికి, గిన్నెలు తోమడానికి ఉండే మోరిలో మాత్రం పోయకూడదు, ఎందుకంటే పేరుకున్న జిడ్డు కింది అంతస్తుల వారి గొట్టాన్ని కూడా మూసేస్తుంది.

ఈ ఇరుగుపొరుగు లెక్క చాల్ వంటలో ప్రతి అడుగునా ఉంది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది విస్తీర్ణం 160 చదరపు అడుగులు మాత్రమే. గదుల వరుస ముందు ఉమ్మడి నడవా ఉంటుంది, అందువల్ల ఒక ఇంట్లో చేప వేగితే అంతస్తంతా తెలుస్తుంది. తెలుగు, మరాఠీ పంచాంగాలు రెండూ అమావాస్యతో నెలను ముగించేవే కనుక శ్రావణం ఇద్దరికీ ఒకే రోజున మొదలవుతుంది; ఆ నెలలో చేప మానేసే పొరుగువారి కోసం తామూ మూకుడును పక్కన పెట్టడం గౌరవించదగిన మర్యాద.

మృగశిర కార్తె మాత్రం సర్దుబాటుకు లొంగదు. జూన్ 7 లేదా 8న వచ్చే ఆ రోజున చేప తినాలన్నది తెలంగాణ ఆచారం కాగా, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు మరపడవల వేట నిషేధంలో ఉంటుంది. అప్పుడు మంచు పెట్టెల్లో వచ్చే చెరువు చేప అయినా కొనాలి, లేదా వేసవిలో వర్సోవా తీరాన వెదురు దండేలపై ఆరిన ఎండు బొంబిల్‌నైనా వేయించుకోవాలి. దాని నీటిని ఎండ ముందే తీసేసింది కాబట్టి కడిగి, తుడిచి, ముక్కలుగా తుంచి, సెగ తగ్గించిన నూనెలో వేసి అర నిమిషంలోనే తీయాలి; అంతకు మించి ఉంచితే మాడి చేదెక్కుతుంది.