నీటి అడుగున చోటు పట్టే నేర్పు

తిరువనంతపురం తీరంలో కట్టుమరాల మీద వేటకెళ్లే పాతతరం జాలర్లకు కడలి అడుగున ఏ రాతిగుట్ట ఎక్కడుందో తెలుసు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనిపించని చోట దాన్ని పట్టుకునే పద్ధతికి వాళ్ల పేరు కణిచ్చం. ఒడ్డున ఒక చర్చి గోపురం, దాని వెనక ఎక్కడో పడమటి కనుమల్లో ఒక కొండకొన. ఈ రెండూ ఒకే వరసలోకి వచ్చేదాకా తెప్ప నడుపుతారు. ఆ వరస తప్పకుండా సాగుతూ, మరో దిక్కున ఇంకో జంట గుర్తులు కలిసేచోట ఆగుతారు. జంటలో గుర్తుల మధ్య ఎడం ఎక్కువున్నకొద్దీ గురి కచ్చితమవుతుంది. తెప్ప కాస్త పక్కకు జరిగినా కొండ గోపురం చాటునుంచి బయటపడుతుంది. అసలు పనితనం రెండు వరసలూ అడ్డంగా కోసుకునేలా జంటల్ని ఎంచుకోవడంలో ఉంది. అవి ఏటవాలుగా కలిస్తే గురి చెదురుతుంది. ఇంత లెక్కా కాగితం ముట్టకుండానే!

ట్రాలర్లు అడుగును గీకేశాక ఈ తీరపు జాలర్లే రాళ్లూ కొబ్బరి మొద్దులూ ముంచి చేపలకు నెలవులు కట్టారు. చోటు ఎంచడంలో చూడాల్సినవి చాలా ఉన్నాయి. మెత్తటి బురదలో బరువు కూరుకుపోతుంది. ఒడ్డుకు మరీ దగ్గరైతే వానాకాలపు అలలు దొర్లించేస్తాయి. పైగా ఒడ్డునుంచి లాగే కరమడి వల, అంటే మన అలివి వల లాంటిది, తగులుకుని చిరుగుతుంది. ఉన్న రాతిగుట్ట మీదే వేస్తే దాన్ని నలిపినట్టే. ఏటిమొగల దగ్గర మట్టినీళ్లు నాచును ఎదగనివ్వవు. ఓడల దారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

1970లలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర చేపలకు నెలవు కడదామని సుమారు 20 లక్షల పాత టైర్లు ముంచారు. కట్లు తుప్పుపట్టి తెగాయి. తేలికపాటి టైర్లు ప్రవాహానికి కదిలి పక్కనున్న పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. అక్కడి అడుగునీ ప్రవాహాన్నీ సరిగా చదివి ఉంటే ఆ సరుకు దించేవారు కాదు.

కేరళ 2023లో ఇదే తిరువనంతపురం తీరంలోని విళింజంలో మొదలుపెట్టిన చేపల నెలవుల పథకం పొళియూర్ నుంచి వర్కల దాకా 42 ఊళ్ల ముందు, చోటుకు 150 చొప్పున 6300 కాంక్రీటు దిమ్మలు దించడానికి. దిమ్మ పోతపోయడం మేస్త్రీకి చేతనవును. చోటు చెప్పడం అంత సులువు కాదు. మన తీరంలో ఈ పని తలపెట్టే అధికారులు జీపీఎస్ తీసే ముందు ఆ ఊరి పెద్ద జాలరిని పడవ ఎక్కించుకోవాలి.