ఇడ్లీని ఉబ్బించునది పులియుట ఒక్కటేనా?

గోపాలపట్నంలో తెల్లవారగానే టిఫిను బండ్లపై ఇడ్లీ పాత్రలు ఆవిరి చిమ్ముచుండును. ఆ వీధి వెంటనే బడికి పోవు విద్యార్థి మాత్రము నురుగుకు ఉదాహరణ షేవింగ్ క్రీము అని వల్లించును. ఒకవేళ ఇడ్లీ ప్రస్తావన వచ్చినను, పిండి పులియును, వాయువు పుట్టును, ఇడ్లీ ఉబ్బును అని మూడు ముక్కలలో ముగించుట పరిపాటి.

ఈ వివరణ అబద్ధము కాదు. సగము నిజము మాత్రమే. ల్యూకోనాస్టాక్ అను బాక్టీరియా కార్బన్ డయాక్సైడును పుట్టించుట వాస్తవమే. కాని బియ్యపు రవ్వను ఒక్కదానినే నానబెట్టి ఉంచినచో, పుట్టిన వాయువు బుడగలై తప్పించుకొనును, పిండి పొంగదు. కావున అసలు ప్రశ్న వేరు: వాయువును పట్టి ఉంచునది ఏది?

దీనికి సమాధానము మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో దొరకినది. సుశీలమ్మ, రావు అను శాస్త్రజ్ఞులు 1974లోను, 1979లోను ప్రకటించిన పరిశోధనలలో మినుములోని రెండు పదార్థముల పాత్రను చూపిరి. మొదటిది గ్లోబ్యులిన్ అను ప్రోటీను. ఇది బుడగ చుట్టు పలుచని పొరగా ఏర్పడును. రెండవది అరబినోగాలక్టాన్ అను పాలీశాకరైడు, అనగా మినపపిండికి జిగటనిచ్చు బంక. బుడగల నడుమ నీరు త్వరగా జారిపోకుండ ఇది ఆపును. ఆవిరి వేడికి నురుగు చెదరకుండ కాపాడును. ఆ లోపల ప్రోటీను గట్టిపడి, బియ్యపు పిండి ఉడికి, బుడగల ఆకారము నిలిచిపోవును.

పెసరపప్పులోను ప్రోటీను కలదు. కాని అంతటి జిగట లేదు. మినుముకు బదులు పెసలు వేసిన ఇడ్లీ గట్టిపడుటకు కారణమిదే. పులియుట ఒక్కటే కారణమని నేర్చిన విద్యార్థి, ఎంత పులిసిన అంత మెత్తనగునని పొరపడును. మితిమీరి పులిసిన పిండి కూలిపోవునని వంటింటిలో తల్లికి తెలియును!

ఈ జంట సూత్రము ఇడ్లీకే పరిమితము కాదు. విశాఖ కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సేకరించు తపసి బంకయు ఒక పాలీశాకరైడే. ఐస్‌క్రీములలో పాల ప్రోటీనుకు తోడుగా ఇట్టి బంకలనే వాడుదురు. అయితే ఏ బంకయైనను, ఎంతయైనను పనికివచ్చునని కాదు. పాలు తప్పినచో రెండును విడిపోవును.

ఉపాధ్యాయుడు రెండు గ్లాసులు తేవలెను. ఒకదానిలో రవ్వ, మరొకదానిలో మినపపిండి కలిపిన రవ్వ పోసి రాత్రియంతయు ఉంచిన చాలును. మరునాడు ఏ గ్లాసు పొంగినదో చూచిన విద్యార్థికి పట్టికను వల్లించు పని ఉండదు.