అతుకుతో సరిపోతుందా?

పంక్చర్ షాపులో మనల్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. ‘ట్యూబా, ట్యూబ్‌లెస్సా?’ అన్నది మొదటిది. దానికి ఎవరైనా జవాబు చెప్పేస్తారు. రెండోది కాసేపటికి వస్తుంది, టైరును చేత్తో తడిమి చూశాక: ‘వేసెయ్యమంటారా సార్, మార్చేస్తారా?’ ఇక్కడ చాలామంది తడబడతారు. ఆఫీసుకు టైమైపోతుంటుంది. జేబులో ఎంత ఉందో గుర్తు చేసుకుంటారు. ‘ఈసారికి వేసెయ్, తర్వాత చూద్దాం’ అంటారు. ఆ చూడటమేదో మళ్లీ గాలి దిగిన రోజునే జరుగుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు బండి గలవాడికే తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పంక్చర్ వేసేవాడికి వేస్తేనే డబ్బు, టైర్లు అమ్మేవాడికి అమ్మితేనే డబ్బు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. అయినా ఎవరి సలహా అయినా వాళ్ల బతుకుతెరువు వైపు కాస్త మొగ్గుతుంది. ఆ టైరు మీద కూర్చుని వెళ్లేది మనం, వెనక కూర్చునేది మన ఇంట్లోవాళ్లు. మా దగ్గర ట్యూబ్‌లెస్ పంక్చర్‌కు వందో నూటయాభయ్యో తీసుకుంటారు. స్ప్లెండర్ లాంటి బండికి వెనక టైరు కొత్తది కొనాలంటే రెండు వేలకు అటూఇటూ అవుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరి చెయ్యయినా వంద వైపే పోతుంది. చేతక్ స్కూటర్లకు స్టెప్నీ ఉండేది. దారిలో చక్రం మార్చుకుని, ఇంటికెళ్లాక తీరిగ్గా ఆలోచించుకునేవాళ్లు. మోటారు సైకిలుకు ఆ వెసులుబాటు లేదు. గాలి ఎక్కడ దిగితే అక్కడే, ఆ ఎండలోనే తేల్చుకోవాలి.

మొదట చూడాల్సింది కన్నం ఎక్కడ పడిందన్నది. నేలకు ఆనే నడిమి భాగంలో, బటన్ల మధ్య పడితే బాగుచేయవచ్చు. టైరు పక్క భాగంలో పడితే ఎంత చిన్నదైనా చేయకూడదు. ఇందులో బేరం లేదు. నడిమి భాగంలో రబ్బరు మందంగా ఉంటుంది, అతుక్కు పట్టు దొరుకుతుంది. పక్క భాగం పల్చన. చక్రం తిరిగిన ప్రతిసారీ కిందికి వచ్చిన చోట అది నొక్కుకుని మళ్లీ సాగుతుంది. 80/100-18 సైజు టైరు కిలోమీటరుకు ఐదు వందల సార్లకు పైగా తిరుగుతుంది. అంటే అరవై వేగంతో పోతుంటే సెకనుకు ఎనిమిది సార్లకు పైగా ఆ చోటు వంగి లేస్తుంది. తీగను ఒకేచోట అటూఇటూ వంచుతుంటే ఏమవుతుందో అక్కడి అతుక్కూ అదే అవుతుంది. కారు టైరుకు లేని చిక్కు మోటారు సైకిలుకు ఇంకొకటుంది. మలుపులో బండి వాలినప్పుడు నేలకు ఆనేది టైరు అంచే. అందుకే బటన్లు అయిపోయి పక్క భాగం మొదలయ్యే ఆ వంపులో మేకు దిగితే నేను బాగుచేయించను. మేకు ఏటవాలుగా దిగే సందర్భాలూ ఉంటాయి. పైన నడిమధ్యనే కనిపిస్తుంది, లోపల మొన అంచు దగ్గర తేలుతుంది. బయటి నుంచి చూసినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

టైరు విప్పించాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంకో కారణం నకిరేకల్ దాటాక, సూర్యాపేట వైపు హైవే పక్కనున్న ఒక షాపులో కళ్లారా చూశాను. నేను గాలి కొట్టించుకోవడానికి ఆగాను. నా ముందు ఒక కుర్రాడు పల్సర్ నెట్టుకొచ్చి నిలబెట్టాడు. షాపు నడిపే పెద్దాయన చక్రం ఊడదీసి, రాడ్లతో టైరును రిమ్ము మీద నుంచి తప్పించి, లోపల గుడ్డతో ఒక చుట్టు తుడిచాడు. ఆ గుడ్డను దులిపితే నల్లటి పొడి రాలింది. సన్నగా, బొగ్గు నూరినట్టుగా. ఆయన టైరును వెలుతురుకు పట్టి లోపల వేలితో రాసి చూపించాడు. రిమ్ముకు వేలెడు దూరంలో చుట్టూ గీత పడి ఉంది. ఆ గీత వెంబడి రబ్బరు లేచిపోయి నైలాన్ పోగులు బయటపడ్డాయి.

‘గాలి లేకుంట ఎంత దూరం తోలినవ్ బిడ్డా?’

‘కొంచమే తాతా. మా ఊరి కాడికెల్లి.’

‘మీ ఊరు కొంచమే దూరం ఉందా? చూడు, లోపల దారాలు తెగినయ్. దీనికి అతుకేస్తే నాకు నూరు రూపాలొస్తయ్. నీకేమొస్తది?’

ఆ టైరుకు బయట ఏ లోపమూ లేదు. బటన్లు నిండుగా ఉన్నాయి, మేకు దిగిన చోటు కూడా సరిగ్గా నడిమధ్యనే. పైనుంచి చూసి వేసేవాడైతే ఐదు నిమిషాల్లో పని ముగించి పంపేవాడు. గాలి లేకుండా తొక్కితే బండి బరువంతా టైరు పక్కల మీద పడుతుంది. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య అవి నలిగి, ఒరుసుకుని, వేడెక్కి లోపలి నుంచి అరిగిపోతాయి. రాలిన నల్ల పొడి ఆ అరుగుదలే. అలాంటి టైరు మళ్లీ గాలి పట్టినంత మాత్రాన పనికొచ్చినట్టు కాదు. ఏదో ఒక రోజు, మంచి ఎండలో, వేగంలో ఉన్నప్పుడు పక్క చీలిపోతుంది. అందుకే వెనక చక్రం అటూఇటూ ఈదుతున్నట్టు అనిపించగానే దిగి నెట్టుకెళ్లడమే మేలు.

ట్యూబ్‌లెస్ టైరుకు మన షాపుల్లో ఎక్కువగా చేసేది స్ట్రిప్ వేయడం. మేకును పట్టకారుతో లాగి, గరుకు సూదిని కన్నంలో పెట్టి నాలుగుసార్లు తిప్పి, జిగురు పట్టిన తాడు ముక్కను దూర్చి, బయట మిగిలినదాన్ని బ్లేడుతో కోస్తారు. సబ్బు నీళ్లు పోసి బుడగలు రాకపోతే అయిపోయినట్టే. టైరు విప్పే పని లేదు. దారిలో చిక్కుకున్నవాడికి ఇది నిజంగా ప్రాణం లేచొచ్చే సాయం. కానీ ఆ గరుకు సూది కన్నాన్ని పెద్దది చేస్తుంది, చేయి మొరటుదైతే లోపలి పోగుల్నీ తెంపుతుంది. రెండో పద్ధతిలో టైరు విప్పి, లోపలి వైపు రబ్బరును గరుకు చేసి, సొల్యూషన్ రాసి ఆరనిచ్చి, పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్ వేస్తారు. దాని కాడ కన్నంలోకి దిగి నిండుతుంది, గొడుగు లోపలి పొరకు అంటుకుంటుంది. టైరు కంపెనీలు ఒప్పుకునే మరమ్మతు ఇదే. అది కూడా కన్నం 6 మిల్లీమీటర్లు దాటనప్పుడే. నా లెక్కలో స్ట్రిప్ అంటే ఇల్లు చేరడానికి. ఊళ్లో మెల్లగా తిరిగే బండి, వెనక టైరు, సన్న మేకు అయితే దాంతోనే ఇంకొన్నాళ్లు నడిపేవాళ్లను నేను తప్పుపట్టను. అదే టైరుతో హైదరాబాద్ నుంచి విజయవాడకు బయలుదేరతానంటే మాత్రం ఆపుతాను.

కొన్నిచోట్ల ‘కన్నం పెద్దదైంది, ట్యూబు వేసేద్దాం’ అంటారు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేస్తే గాలి నిలుస్తుంది, నిజమే. టైరుకు పడిన గాయం మాత్రం అలాగే ఉంటుంది, కంటికి కనబడకుండా పోతుంది, అంతే. పైగా మేకు దిగినా గాలి మెల్లగా తగ్గడమన్నది ట్యూబ్‌లెస్‌కున్న పెద్ద రక్షణ. ట్యూబు పెట్టగానే అది పోతుంది. బాగుచేయడానికి పనికిరాని టైరుకు ట్యూబు మందు కాదు.

ట్యూబు టైర్ల విషయంలో నిర్ణయం రెండు భాగాలుగా ఉంటుంది: ట్యూబు సంగతి వేరు, టైరు సంగతి వేరు. నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలొచ్చిన చోట అతుకేస్తారు. ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడి పోయి జిగటగా మారేదాకా ఆగి ప్యాచ్ అంటించాలి. ఆ ఆగే రెండు నిమిషాలు చూస్తే పనివాడి చేయి ఎలాంటిదో తెలిసిపోతుంది. తడి మీదే అంటించేవాడి అతుకు వారం నిలవదు. మా చిన్నప్పుడు ట్యూబును బిగించి వేడి పెట్టి అతికించేవాళ్లు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరును కాల్చి గట్టిపరచడం కనిపెట్టాడు కదా, ఆ పనే మన వీధిలో చిన్న పొయ్యి మీద జరిగేది. అతుకు ట్యూబులో కలిసిపోయేది. వాల్వు మొదలు దగ్గర చిరిగినా, అతుకు మీద అతుకు పడాల్సి వచ్చినా కొత్త ట్యూబే వేయించాలి. అక్కడ పొదుపు చూడొద్దు. అయితే కొత్త ట్యూబు వేశాక మర్నాడే గాలి దిగిపోయిందని తిట్టుకునేవాళ్లను పల్లెల్లో చాలామందిని చూశాను. చాలాసార్లు కారణం సర్కారు తుమ్మ ముల్లు. అది టైరులోకి దిగి విరుగుతుంది. పైన ఏమీ కనపడదు, లోపల గోరంత మొన మిగిలి ఉంటుంది. కొత్త ట్యూబును అదే మళ్లీ పొడుస్తుంది. ట్యూబు పెట్టే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడిస్తే ఆ మొన దగ్గర గుడ్డ పట్టుకుంటుంది. ఆ పని చేయని షాపుకు నేను రెండోసారి వెళ్లను.

ముందు టైరు విషయంలో నేను ఇంకా గట్టిగా ఉంటాను. మేకులు ఎక్కువగా వెనక టైరుకే దిగుతాయి. ముందు చక్రం తొక్కి లేపినదాని మీదికి వెనక చక్రం ఎక్కుతుంది. వెనక గాలి పోతే బండి ఊగుతుంది, అయినా చాలామంది ఆపుకోగలుగుతారు. ముందు పోతే హ్యాండిల్ చేతిలో ఉండదు. ముందు టైరు ట్యూబ్‌లెస్ అయితే లోపలి నుంచి వేసే ప్యాచ్ తప్ప నేను ఇంకేదీ ఒప్పుకోను, కాస్త అనుమానమున్నా మార్పిస్తాను.

ఇక టైరులో ఎంత మిగిలి ఉందన్నది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాడిలో అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, బటన్లు వాటితో సమానమయ్యాయంటే టైరు పని అయిపోయింది. అక్కడిదాకా రాకపోయినా, దగ్గరపడిన టైరుకు మంచి ప్యాచ్ వేయించడం డబ్బు దండగ. నున్నబడిన టైరులోకి మేకు దిగడమూ తేలికే. ఇంకోటి, టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మన ఎండలకు బండిని బయటే నిలిపేవాళ్ల టైర్లు బటన్లుండగానే పగుళ్లు బారతాయి. ఐదేళ్లు దాటి పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే నేను కన్నం సంగతి అడగను, కొత్తది తెచ్చుకుంటాను. కొత్తది కొనేటప్పుడూ ఆ నాలుగంకెలు చదవాలి. బిగించేటప్పుడు టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో, వెనక చక్రమైతే చైను బిగువు, బ్రేకు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వాలి.

కొత్తది వేయించుకున్నాక పాత టైరు ఏమవుతుంది? ‘ఇక్కడే వదిలేయండి సార్’ అంటాడు షాపాయన. వాడిన టైర్లను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను 2022లో వచ్చిన నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. కానీ వీధి చివరి షాపులో వదిలిన ప్రతి టైరూ అక్కడికే చేరుతుందన్న భరోసా లేదు. చాలాసార్లు కొంచెం తుడిచి, కన్నం పూడ్చి, మూడు నాలుగు వందలకు ఇంకొకరికి వేస్తారు. కొనుక్కునేవాడు రోజంతా పాల క్యాన్లనో, గ్యాస్ పొయ్యి సామానునో వేసుకుని తిరిగేవాడే అయి ఉంటాడు. నా కింద పనికిరాదనుకున్న టైరు ఆయన కింద ఎలా పనికొస్తుంది? పక్క చీలినదో, లోపల పోగులు తెగినదో అయితే దాన్ని నా ఎదురుగానే కోయించి వెళ్తాను. కత్తితో పక్క భాగాన్ని జానెడు మేర చీలిస్తే చాలు, ఇక దాన్ని ఎవరూ బిగించలేరు. షాపాయనకు వచ్చే నాలుగు డబ్బులు పోతాయి కాబట్టి, కోసినందుకు ఒక యాభయ్యో వందో అదనంగా ఇచ్చేస్తాను.