మనసు చదివే ఆట

మా బోరబండలో వినాయక చవితికి మంటపం లేని గల్లీ ఉండదు. రాత్రి హారతి అయిపోయాక మైకు పిల్లల చేతికి వస్తుంది. ఒకరు సినిమా పాటకు డాన్స్ చేస్తారు, ఒకరు వేమన పద్యాలు చదువుతారు, ఒకరు హీరోల గొంతులతో మిమిక్రీ చేస్తారు. ఈసారి ఐదో తరగతి చదివే మా మేనకోడలు మెంటలిజం చేస్తానంది. ఫోన్‌లో మెంటలిస్టు సుహానీ షా వీడియోలు చూసి చూసి పుట్టిన కోరిక. "మామయ్యా, మనసులో మాట చెప్పడం నాక్కూడా నేర్పుతావా?" అని నన్ను పట్టుకుంది.

ఇంద్రజాలం మీద నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నలుగురి ముందు చేసిన అలవాటూ ఉంది. అయినా వెంటనే సరే అనలేకపోయాను. ఖాళీ టోపీలోంచి పావురాన్ని తీసిన పిల్లను చూసి జనం చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోతారు. మనసు చదివిన పిల్లను చూసినవాళ్లు మాత్రం ఆ మాటను ఇంటిదాకా తీసుకెళతారు. 'ఈ పిల్లలో ఏదో ఉంది' అనుకుంటారు. ఆ అనుమానం ఆ పిల్ల చెవిన పడితే తనలో నిజంగానే ఏదో ఉందని తనూ అనుకోవచ్చు. అందుకే ఈ విద్య పిల్లలకు నేర్పేటప్పుడు పెద్దవాళ్ల మీద మామూలు కన్నా ఎక్కువ బాధ్యత ఉంటుంది. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

మెంటలిజం ఇంద్రజాలంలో ఒక శాఖ. జ్ఞాపకశక్తి, లెక్క, సంకేతాలు, మనుషులను గమనించే చూపు, మాటనేర్పు, కొంత హస్తలాఘవం దాని పనిముట్లు. టోనీ కొరిండా రాసిన 'థర్టీన్ స్టెప్స్ టు మెంటలిజం' ఈ రంగంలో ఇప్పటికీ పాఠ్యపుస్తకం. అందులో జ్ఞాపక పద్ధతులకు ఒక అధ్యాయం, కళ్లకు గంతలకు ఒకటి, పుస్తకంలో మాట చెప్పడానికి ఒకటి, ఇద్దరు కలిసి చేసే ఆటకు ఒకటి ఉన్నాయి. శక్తి సంపాదించడానికి అధ్యాయం లేదు. అలాంటి శక్తి ఎవరికీ లేదు గనక దానికి అధ్యాయం ఉండదు.

పిల్లవాడిని పక్కన పెట్టుకుని ఈ ఆట ఆడినవాళ్లలో చరిత్ర చెప్పుకునే పేరు రాబర్ట్ హూడాది. ఫ్రాన్స్‌లో గడియారాలు చేసే పనివాడు, తర్వాత పారిస్‌లో సొంత థియేటర్ పెట్టిన ఐంద్రజాలికుడు. ప్రసిద్ధ ఐంద్రజాలికుడు హుడినీ తన పేరును ఈయన పేరు నుంచే చేసుకున్నాడు. 1846 ఫిబ్రవరిలో ఈయన తన కొడుకు ఎమీల్‌ను వేదిక మీద కూర్చోబెట్టి, కళ్లకు మందపాటి గంతలు కట్టి, ప్రేక్షకులు చేతికిచ్చిన వస్తువులేమిటో ఆ అబ్బాయి చేత చెప్పించాడు. ప్రశ్నల్లోనే సైగ ఉందని జనం అనుమానిస్తే ప్రశ్న మానేసి గంట మోగించేవాడు. అప్పుడూ జవాబు వచ్చేది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ప్రదర్శన వెనక ఉన్న శిక్షణ. తండ్రీకొడుకులు మొదట డామినో పలకలతో మొదలుపెట్టారు. చుక్కలు లెక్కపెట్టకుండా ఒక్క చూపులో మొత్తం చెప్పాలి. ఒక పలక, రెండు పలకలు, ఇంకా ఎక్కువ. తర్వాత పారిస్ వీధుల్లో బొమ్మల దుకాణాల ముందు నుంచి నడిచి వెళ్లేవారు. అద్దం వెనక ఉన్నవన్నీ ఒకసారి చూసి, కొంచెం దూరం పోయాక ఇద్దరూ కాగితాల మీద రాసుకునేవారు. ఈ ఆటలో కొడుకు తండ్రిని దాటిపోయాడు. థియేటర్ ప్రకటనలో కొడుకుకు దివ్యదృష్టి ఉందని వేసుకున్న తండ్రే 1858లో అచ్చయిన ఆత్మకథలో ఈ సాధననంతా విప్పి చెప్పాడు. ప్రకటన కన్నా పుస్తకమే గొప్పదని నా అభిప్రాయం. ఆ పుస్తకం వల్లే ఎమీల్ మనకు వింత పిల్లవాడిగా కాకుండా కష్టపడి నేర్చుకున్న పిల్లవాడిగా మిగిలాడు.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. నలుగురి మధ్య కూర్చుని బుద్ధిబలం చూపించే విద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానానికి జనాదరణ తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అవధానిని ఎనిమిది వైపులకు లాగుతారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగా మధ్యలో గంటలు కొడతారు. ఎన్ని కొట్టారో చివర చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డంగా మాట్లాడి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తాడు. చివరికి ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పచెప్పడం. సరస్వతీ కటాక్షం అని మనం భక్తిగా అన్నా, దాని వెనక ఏళ్ల సాధన ఉందని సభలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. తెలిసే చప్పట్లు కొడతాం.

ఆలోచించి సరేనన్నాక, మా మేనకోడలికి నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను. ప్రేక్షకులు చెప్పిన ఇరవై వస్తువులను వరసగా, వెనక నుంచి ముందుకు, ఏ అంకె అడిగితే ఆ అంకెకు చెప్పడం మొదటి అంశం. దీనికి వాడింది బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ నుంచి వాళ్ల ఇంటికి వచ్చే దారి. స్టేషన్ మెట్లు ఒకటి, ఆటో స్టాండు రెండు, మెడికల్ షాపు మూడు, మిర్చి బజ్జీల బండి నాలుగు, ఇలా ఇంటి గడప దాకా ఇరవై చోట్లు. ఎవరైనా 'ఏనుగు' అంటే అది స్టేషన్ మెట్ల మీద అడ్డంగా కూర్చుంటుంది. 'గొడుగు' అంటే ఆటో డ్రైవరు నెత్తిన విచ్చుకుంటుంది. అంకె అడిగినప్పుడు ఆమె మనసులో ఆ చోటికి వెళ్లి చూసి వస్తుంది. రోజూ నడిచే దారి కాబట్టి కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. ఆమె అప్పచెబుతుంటే నేను అప్రస్తుత ప్రసంగిని అయ్యేవాణ్ని. "మీ ఇంట్లో ఇవాళ కూరేంటి? మీ తమ్ముడు హోంవర్కు చేశాడా?" అంటూ మధ్యమధ్య పూజగంట కొట్టేవాణ్ని. మొదట్లో విసుక్కుంది. తర్వాత కూరేంటో చెప్పి, పదమూడో వస్తువు చెప్పి, గంటలెన్నో కూడా చెప్పింది.

రెండో అంశం పుస్తకంలో మాట. దీని వెనక ఉన్నది లెక్కే గనక ఇక్కడ చెప్పడంలో తప్పు లేదు. ఒక మూడంకెల సంఖ్య అనుకోండి. మొదటి అంకెకూ చివరి అంకెకూ కనీసం రెండు తేడా ఉండాలి. ఉదాహరణకు 742. తిరగేస్తే 247. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 495. దీన్ని తిరగేసి, 594, రెండూ కలపండి. 1089 వస్తుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా అదే వస్తుంది. పెద్ద బాలశిక్ష ప్రేక్షకుడి చేతికిచ్చి, జవాబులో మొదటి మూడంకెలు పేజీ, చివరి అంకె వరస అని చెబితే, ఆయన ఎప్పుడూ 108వ పేజీ తొమ్మిదో వరస దగ్గరే ఆగుతాడు. ఆ వరసలో మొదటి మాట పాప ముందే గుర్తుపెట్టుకుంటుంది.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. "ఎందుకు ఎప్పుడూ అదే వస్తుంది?" అంది. ఇద్దరం కాగితం ముందేసుకున్నాం. తీసివేత అయ్యాక మధ్య అంకె ఎప్పుడూ తొమ్మిదే. రెండు చివరల అంకెలు కలిపితే తొమ్మిదే. తిరగేసి కలిపితే వందల స్థానంలో తొమ్మిది, పదుల్లో పద్దెనిమిది, ఒకట్లలో తొమ్మిది. అంటే తొమ్మిది వందలు, నూట ఎనభై, తొమ్మిది. స్థాన విలువలు బడిలో చదువుకున్న పిల్ల, వాటితో ఒక సభను ఆశ్చర్యపరచవచ్చని ఆ సాయంత్రం తెలుసుకుంది. ఈ విద్య నేర్పడంలో నాకు దొరికిన అసలు సంతోషం అదే.

మూడోది ఇద్దరం కలిసి చేసేది. ఆమె కళ్లకు గంతలతో వేదిక మీద ఉంటుంది, నేను జనంలో తిరుగుతూ వస్తువులు తీసుకుంటాను. ఒకప్పుడు సంతల్లో గారడీవాళ్లు దుప్పటి కింద పిల్లవాణ్ని పడుకోబెట్టి 'ఈ బాబు చేతిలో ఏముంది?' అని అడిగే ఆట ఇదే. అడిగే తీరులో జవాబు దాగి ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లోని సంకేతాలు మనకు పనికిరావు, తెలుగులో అతుకులేసినట్టు వినిపిస్తాయి. మనం పిల్లలను అమ్మా అంటాం, తల్లీ అంటాం, బంగారం అంటాం, చిట్టీ అంటాం, నాన్నా అని కూడా అంటాం. ఎన్ని రకాలుగా పిలిచినా ఎవరికీ వింతగా ఉండదు. ఏ పిలుపు దేనికన్నది మాత్రం రాయను. అది మా ఇద్దరి మధ్య మాట.

ఒక విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. జనంలో మన మనిషిని ముందే కూర్చోబెట్టి, అడిగినదానికల్లా అవునని తలూపించడం వద్దన్నాను. పెద్దల ప్రదర్శనల్లో దానిమీద ఎవరి వాదన వాళ్లకుంది. పిల్లల విషయంలో వాదన అక్కర్లేదు. చప్పట్లు ముందే మాట్లాడి పెట్టుకోవచ్చని పదేళ్ల పిల్లకు నేర్పకూడదు. తప్పు వస్తే వస్తుంది. 'ఇది రాలేదు, తర్వాతది అడగండి' అని నవ్వుతూ చెప్పడం కూడా మా సాధనలో భాగమే. ప్రదర్శన రోజు రాత్రి ఆమె ఒక బైకు తాళాన్ని ఇంటి తాళం అంది. సరిదిద్దుకుని ముందుకు పోయింది. ఆ తర్వాత జనం ఇంకా శ్రద్ధగా చూశారు.

మొదట్లోనే మైకులో చెప్పించాను: "ఇది మంత్రం కాదు, నేర్చుకున్న విద్య." అయినా కార్యక్రమం అయ్యాక ఒక పెద్దావిడ పాప చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నా ముక్కుపుడక పోయి నెల దాటింది. యాడున్నదో జర జెప్పు తల్లీ" అని బతిమాలింది. ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు కూడా ఇద్దరం అనుకునే ఉన్నాం. "అవ్వా, నాకట్ల తెల్వది. ఇది మామయ్య దగ్గర నేర్చుకున్న ఆట" అంది పాప. ఆవిడ నమ్మలేదు. "చెప్పొద్దని దేవుని ఆన ఉన్నదేమో" అనుకుంటూ వెళ్లింది. నమ్మాలన్న తపన మనుషుల్లో ఎంత బలంగా ఉంటుందో అక్కడ కనిపించింది. ఆ తపన ముందు నిలబడి 'నాకు తెలియదు' అనగలిగిన పిల్ల, ఆ రాత్రి చేసిన మూడు అంశాల కన్నా పెద్ద పని చేసింది.

దీనికి పూర్తిగా ఎదురుదారి కూడా మన దేశంలో నడిచింది. 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. గంతలు కట్టుకుని పుస్తకం చదివే శక్తి పిల్లలకు వస్తుందని తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు ఫీజులు తీసుకున్నారు. గంతలు ఎంత గట్టిగా కట్టినా ముక్కు పక్కన సన్నటి సందు మిగులుతుంది. పుస్తకాన్ని ఆ సందుకు అందకుండా కళ్ల కన్నా ఎత్తులో పట్టుకుంటే ఆ శక్తి మాయమవుతుంది. నరేంద్ర నాయక్ లాంటి హేతువాదులు దీన్ని బహిరంగంగా సవాలు చేశారు. మా ఆటలోనూ గంతలున్నాయి, వాళ్ల దగ్గరా గంతలున్నాయి. మా పాపకు తాను ఏం చేస్తోందో తెలుసు, అడిగినవాళ్లకు అది విద్య అని చెబుతుంది. అక్కడి పిల్లకు తాను సందులోంచి చూస్తున్నానని తెలుసు, కానీ అమ్మానాన్నల మొహాల్లో సంతోషం చూశాక ఆ మాట చెప్పలేదు. ఇంట్లోవాళ్లకే అబద్ధం చెబుతూ బతకమని ఆ పిల్లకు ఫీజు కట్టి నేర్పించినట్టు. ఇంతకన్నా అన్యాయం నాకు తోచదు.

నిజం చెబితే ఆట రక్తి కట్టదని కొందరు అంటారు. మా బోరబండ వాళ్లు ఆ మాట ఒప్పుకోరు. ఇక్కడా, పక్కనున్న రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్‌లలోనూ సినిమా పనిమీద బతికే కుటుంబాలు ఎన్నో. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు. వెన్నెలను లైట్లతో ఎలా కురిపిస్తారో వాళ్లకు తెలుసు. 'పాతాళభైరవి', 'మాయాబజార్' చూసి మార్కస్ బార్ట్లీ కెమెరా పనితనాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాం. ఘటోత్కచుడి మాయలన్నీ కెమెరా చేసినవని తెలిసినా మన ఆనందం ఒక్క వీసం తగ్గలేదు. మా పాప వీడియోలు చూసే సుహానీ షా ఏడేళ్ల వయసులో వేదికెక్కింది. 2023లో మహిమలు నిజమా కాదా అని దేశమంతా వాదన నడిచినప్పుడు టీవీ చానళ్లలో మనసులో మాటలు చెప్పి చూపించి, ఇది కళేనని కుండబద్దలు కొట్టింది. 2025లో ఇటలీలో జరిగిన ఫిజం ప్రపంచ ఇంద్రజాల పోటీల్లో అవార్డు అందుకుంది. నిజం చెప్పడం వల్ల ఆమెకు ప్రేక్షకులు తగ్గలేదు.

తల్లిదండ్రులకూ, బడి వార్షికోత్సవాలు నడిపే టీచర్లకూ నా విన్నపం ఇది. పిల్ల తానుగా అడిగితేనే ఈ విద్య నేర్పండి. మొదట జ్ఞాపకం, తర్వాత లెక్క, ఆఖరున సంకేతాలు నేర్పండి. ప్రతి అంశం ఎందుకు పనిచేస్తుందో పిల్లకు పూర్తిగా తెలిశాకే వేదిక ఎక్కించండి. ప్రదర్శన మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఇది సాధనతో వచ్చిన విద్య అని పిల్ల నోటితోనే చెప్పించండి. ఎవరైనా వచ్చి పోయిన వస్తువు గురించో, కొడుకు ఉద్యోగం గురించో, జబ్బు గురించో అడిగితే, 'నాకు తెలియదు' అనే జవాబు ముందే నేర్పి ఉంచండి. ఆ జవాబు నేర్పే ఓపిక మీకు లేకపోతే, దయచేసి పిల్ల కళ్లకు గంతలు కట్టకండి.