దించిన ఆయిల్ ఎక్కడ పోస్తారు?

జహీరాబాద్‌లో మా వీధిలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి పోయే కుర్రాడొకడు ఈమధ్య పాత మారుతి 800 కొన్నాడు. వాళ్ల ఇంటికి అదే మొదటి కారు. పోయిన ఆదివారం పొద్దున్నే ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆయిల్ మార్చడానికి కిందికి దూరాడు. "మీరు రాసేది చదివే మొదలుపెట్టిన కాకా" అన్నాడు. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఈ కాలమ్ చాలాకాలంగా చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. సైకిల్ హబ్బులో గోళీలు, చేతిపంపు వాషరు, కుట్టుమిషన్ బెల్టు ఏదైనా సరే, మన ఇంట్లో తిరిగే వస్తువు లోపల ఏముందో మన చేతికి తెలిసి ఉండాలంటాను. ఆ చదువు మొదలుపెట్టడానికి 800ని మించిన బండి లేదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు దొరికేది ఎంత కొత్తదైనా పదేళ్లు దాటిందే. మూడు సిలిండర్లు, 796 సీసీ, మూడు లీటర్ల లోపు ఆయిల్. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది.

ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. మంచి ఆయిల్ మసిని పట్టి తనలోనే ఉంచుకుంటుంది, అందుకే నల్లబడుతుంది. అది దాని పని. ఊళ్లో తిరిగే పాత కారుకు అసలు శత్రువు చిన్న చిన్న ప్రయాణాలు. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్టుకు, అక్కడి నుంచి బస్టాండుకు తిరిగితే ఇంజన్ సరిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరైపోదు, కాలని పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల మీగడలాంటి జిగురు కనిపించేది అందుకే. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి. ఇంజన్ బాగా వేడెక్కేలా వీలైనప్పుడల్లా బండిని ఝరాసంగం లాంటి దూరపు ఊరి దాకా తీసుకుపోయి రావాలి.

కుర్రాడు డ్రెయిన్ నట్టు విప్పగానే దాని మెడకున్న వాషరు చూపించమన్నాను. ఒకవైపు నలిగి, అంచు పదునుదేలి, నట్టుకు అతుక్కుపోయింది. అలా నలిగిన వాషరునే మళ్లీ వేస్తే చుక్కచుక్కగా కారుతుంది. కారుతోందని పానాకు గొట్టం తగిలించి బిగిస్తే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు మర పోతుంది. కొన్ని రూపాయల వాషరు దగ్గర చూసిన పొదుపు సంపు ఖర్చుకు దారితీస్తుంది. ఫిల్టరు విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. కొత్త ఫిల్టరు రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి, పానాతో కాదు. ఇవన్నీ ఒక్కసారి చెబితే అతను పట్టేశాడు.

వేలితో తడిమి చూడటం మా మేనమామ నేర్పిన విద్య. ఆయన జహీరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌లో ఫిట్టరు. ఈతరం వాళ్లకు ఆ పేరు తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, ఆర్టీసీకి బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి 1980లలో మన ఊళ్లో చిన్న లారీలు తయారుచేసింది. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్... ఈ నాలుగూ ఒకే కాలంలో పుట్టిన అన్నదమ్ములు. తర్వాత ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. హైవే మీద ఆల్విన్ లారీ ఎదురైతే మామ చెయ్యెత్తి పలకరించేవాడు. షిఫ్టు దిగి వచ్చాక స్నేహితుల బండ్లు చూసేవాడు. గేజి తీసి చుక్క ఆయిల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, గరుకు తగులుతోందా అని చూసేవాడు. తర్వాత వాసన చూసేవాడు. పెట్రోలు వాసనా, మాడిన వాసనా అని నన్ను అడిగేవాడు.

దించిన ఆయిల్‌ను చుక్క కూడా నేలపాలు కానిచ్చేవాడు కాదు. పాత డబ్బాలో పోసి దూలాల వెనక పెట్టేవాడు. చక్కెర మిల్లుకు చెరకు తోలే బండ్లవాళ్లు ఇరుసులకు రాసుకోవడానికి అడిగి తీసుకుపోయేవాళ్లు. చెదలు పట్టకుండా వాసాలకు, దొడ్డి గుంజలకు బ్రష్షుతో పూసేవాళ్లు. తలుపు బందులకు, గిలకకు, చెరకు గానుగ పళ్లకు కూడా అదే. మూడు లీటర్లు వారం తిరగకముందే అయిపోయేవి.

కుర్రాడు పని ముగించి, నల్లటి తొట్టి చేతిలో పట్టుకుని అడిగాడు: "ఇది యాడ పోయాలె కాకా?"

మామ కాలంలో అయితే ఆ ప్రశ్నే రాదు. ఇవాళ బండ్లకు రబ్బరు టైర్లు, బేరింగులు. వాసాల చోట స్లాబు. అడిగేవాళ్లెవరూ లేరు. పైగా ఆ రోజుల్లో గుంజలకు పూసిందంతా మట్టిలోకే దిగింది. వాడేసిన ఆయిల్లో అరిగిన లోహం పొడి, క్యాన్సరు తెచ్చే రసాయనాలు ఉంటాయని ఇప్పుడు తెలుసు. మా వీధి మోరీలో పోస్తే వానాకాలం అది నారింజ వాగు వైపే పోతుంది. అక్కడి నుంచి కర్ణాటకలోకి పోయి మంజీరలో కలుస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ ఉంది. పాత ఆయిల్‌ను శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ ఉత్పత్తిదారుల మీద కూడా పెట్టారు. కానీ ఆ బాధ్యత ఇంటి ముందు కారు ఎత్తుకున్నవాడి తొట్టి దాకా ఇంకా రాలేదు.

పాత కూలెంటుదీ అదే కథ. తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు నాకుతాయి, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటి ప్రాణం తీస్తుంది. ఇక బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ చేరేకొద్దీ ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. అయితే గొట్టంలో ఒక్క బుడగ మిగిలినా కాలి కింద పెడల్ మెత్తగా దిగిపోతుంది. మొదటి కారు, మొదటి ఏడాది కాబట్టి దాన్ని అనుభవమున్న చేతికే వదలాలి.

అందుకే ఇన్నాళ్లూ ఇంటి ముందే చేసుకోండని రాసిన నేను ఇప్పుడు వేరేమాట అంటున్నాను. పని మీరే చేయండి, కానీ మెకానిక్ షెడ్డులో చేయండి. మేం ఆ తొట్టి మోసుకుపోయిన షెడ్డు ఉస్తాద్ దగ్గర పెద్ద డ్రమ్ము ఉంది. నిండితే పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి ఎత్తుకుపోతారు. "తీస్కురా బేటా, మల్లోసారి ఈడనే ఇప్పు" అన్నాడాయన. గుంత, వెలుతురు, కొలతకు సరిపోయే పానా అక్కడే ఉన్నాయి. ఆ చోటుకూ, ఆయన చూపుకూ కూలి ఇవ్వాలి, అది న్యాయం. వారానికోసారి గేజి తీసి తుడిచి చూడటం, కూలెంటు గీత చూడటం, బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టం చూడటం మాత్రం ఇంటి దగ్గర మీరే చేసుకోవాలి.

హైవే మీది పెట్రోలు బంకుల యజమానులకు, మన మున్సిపాలిటీకి ఒక విన్నపం: ఇళ్ల నుంచి తెచ్చే పాత ఆయిల్ కోసం మూతున్న డ్రమ్ము ఒకటి పెట్టించండి, దాన్ని శుద్ధి చేసే అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించండి. పాఠకులు కూడా కొత్త ఆయిల్ కొనేముందే పాతది ఎవరు తీసుకుంటారో అడిగి పెట్టుకోండి.