లోపము శరీరములోనా? సమాజములోనా?
మైకేల్ ఆలివర్ గ్రంథముపై ఒక విమర్శ

వికలాంగత్వమును గూర్చిన సామాజికశాస్త్ర చర్చను మలుపు త్రిప్పిన గ్రంథములలో మైకేల్ ఆలివర్ రచించిన "ది పాలిటిక్స్ ఆఫ్ డిజేబుల్‌మెంట్" (1990) ఒకటి. 1962లో మెడ ఎముక విరిగిన ఈ రచయిత చక్రాల కుర్చీలో నుండియే ఆచార్య పదవికి ఎదిగారు, 2019లో మరణించారు. ఈ గ్రంథము యొక్క బలమును, దానిలోని కొరతను పరిశీలించుట మా ఉద్దేశము.

ఆలివర్ వాదమునకు మూలము 1976లో బ్రిటన్‌లోని వికలాంగుల సంఘమైన యూపియాస్ ప్రకటించిన సూత్రములు. దాని నాయకులలో ఒకరైన విక్ ఫింకెల్‌స్టీన్ దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను ఎదిరించి చెరసాలకు వెళ్లినవారు. వారి దృష్టిలో శరీరములోని లోపము వేరు. ఆ లోపము గలవారిని సమాజము ప్రక్కకు నెట్టుట వేరు. ఈ రెండవదే వికలాంగత్వము. కర్మాగారముల వేగమునకు తాళలేనివారిని పెట్టుబడిదారీ వ్యవస్థ పనిలోనుండి వెలివేసినదని ఆలివర్ వివరించారు. వస్తువులను పట్టుకొనుటలో నీ కష్టమేమి అని ప్రభుత్వ సర్వే అడుగగా, సీసాలను, డబ్బాలను తయారుచేసిన తీరులో తప్పేమి అని అడుగవలెనని ఆయన ఆ ప్రశ్నను తిరగవేశారు. ఈ ఒక్క మార్పు వలన జాలికి పాత్రుడైనవాడు హక్కు గల పౌరుడగుచున్నాడు. బ్రిటన్‌లో 1995 నాటి వివక్షా నిరోధక చట్టము వెనుక ఈ ఆలోచనతో కూడిన ఉద్యమమున్నది.

అయితే రెండు కొరతలను మేము గమనించుచున్నాము. మొదటిది, బాధను గూర్చిన మౌనము. మెట్లను తొలగించినను నొప్పి తొలగదు. జెన్నీ మోరిస్ (1991), లిజ్ క్రో (1996) ఈ ఆక్షేపణనే లేవనెత్తారు. వారిరువురును వికలాంగ స్త్రీలే.

రెండవది మరింత లోతైనది. ఈ నిర్వచనములో అణచివేత లోపము తరువాత ఆరంభమగుచున్నది. లోపమే అసమానత వలన కలిగినయెడల ఏమనవలెను? ఈ ప్రశ్నను 1987లోనే పాల్ అబ్బర్లీ వేశారు. దీనికి ఉదాహరణ తెలుగు నేలయందే ఉన్నది. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు వ్యాధిని వైద్యులు 1937లో నెల్లూరు ప్రాంతములో గుర్తించి ప్రకటించారు. అదే వ్యాధితో నలిగిన నల్గొండకు కూడ ఇంటింటికి శుద్ధిచేసిన నీరందించుటకు ఉద్దేశించిన మిషన్ భగీరథ 2016లో మాత్రమే ఆరంభమైనది. పోషకాహారము లేనివారిని ఈ వ్యాధి మరింత పీడించును. అనగా పేదవాని ఎముక వంగుట కేవలము ప్రకృతి చేసిన పని కాదు.

మన చట్టములకును ఈ విమర్శ వర్తించును. 1995 చట్టము ఏడు వైకల్యములను గుర్తించి ఉద్యోగములలో 3 శాతము కేటాయించగా, 2016 చట్టము 21 వైకల్యములను గుర్తించి దానిని 4 శాతమునకు పెంచినది. ఇది మేలే. గాని కేటాయింపు, లోపము కలిగిన తరువాత వచ్చునది. ఆ లోపమును కలిగించిన నీటిని, ఆకలిని ప్రశ్నించు రాజకీయము కూడ కావలెను. ఆలివర్ ప్రశ్నను సమాజము వైపు త్రిప్పారు. దానిని బావి వరకు తీసికొని వెళ్లవలసిన బాధ్యత మనది.