పదిహేనేళ్ల పాఠకుడికి ఏ బీరువా?

మన శాఖా గ్రంథాలయాలన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. గుమ్మం పక్కన దినపత్రికల బల్ల, దాని చుట్టూ రిటైరైన పెద్దలు. లోపల హాల్లో గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షకూ చదివేవాళ్లు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది ఫ్యానూ నిశ్శబ్దమూ. ఒక మూల పిల్లల విభాగం: బొమ్మల కథలు, నీతి కథలు, పొట్టి కుర్చీలు. తొమ్మిదో తరగతి పిల్ల వస్తే ఎక్కడ కూర్చోవాలి? పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. హాల్లో కుర్చీ లాగితే నలుగురు తలలెత్తి చూస్తారు. బీరువాల సంగతీ అంతే. ఇటు పరమానందయ్య శిష్యులు, అటు మహామహుల సంపూర్ణ గ్రంథావళులు. పదమూడుకూ పద్దెనిమిదికీ నడుమనున్న వయసుకంటూ ఒక అర లేదు.

కొంతకాలంగా ఆదివారాలు మా శాఖలో ఈ వయసు పిల్లలతో కూర్చుంటున్నాను. గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం కావడం ఇందుకు కలిసొచ్చింది. లైబ్రేరియన్ గారు వరండాలో ఒక బల్ల వేయించారు. అక్కడైతే మాట్లాడుకోవచ్చు, నవ్వుకోవచ్చు, హాల్లో వాళ్లకు ఇబ్బంది ఉండదు. పిల్లలు అడిగేది ఒకటే: "ఏదైనా మంచి పుస్తకం చెప్పండి సార్." దీనికి జవాబు చెప్పడం ఒక విద్య. అది ఇప్పుడిప్పుడే నాకు కాస్త పట్టుబడుతోంది.

మొదటి సంగతి, పుస్తకాన్ని పొగడకూడదు. "గొప్ప నవల, తప్పకుండా చదవాలి" అన్నామా, దాని మీద సిలబస్ వాసన పడిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు దాన్ని తాకడు. పెళ్లిళ్ల పేరయ్య అటువైపు సంబంధాన్ని ఆకాశానికెత్తే ముందు ఇటువైపు వాళ్ల ఇష్టాయిష్టాలు కనుక్కుంటాడు చూడండి, ఆ పని చేయాలి. "నీకేం ఇష్టం?" అని అడిగితే "ఏమో సార్" అంటారు. "నిన్న రాత్రి ఫోన్లో ఏం చూశావు?" అంటే మాత్రం ఆగకుండా చెబుతారు. నాకు పనికొచ్చేది ఆ జవాబే.

ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడొకడు అడవిలో ఒంటరిగా బతికి చూపించే వీడియోలు తప్ప ఇంకేమీ చూడనన్నాడు. వాడికి కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చాను. పందుల్ని మేపుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి వెళతాడు. ఆ ఒక్క రాత్రే నవల. రాసినాయన చిత్తూరు జిల్లా వాడు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. ఈ వివరం చెబితే నీట్‌కు చదివే పిల్లలు ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు. డాక్టర్లు నవలలు కూడా రాస్తారా అని వాళ్ల ఆశ్చర్యం. పైగా పుస్తకం పలచన. పలచటి పుస్తకమన్నది ఈ వయసులో చిన్న సౌకర్యం కాదు. ట్యూషన్ బ్యాగులో ఫిజిక్స్ మెటీరియల్ పక్కన పట్టాలి కదా.

ఇంకో అమ్మాయి వాళ్ల అన్నయ్య ఎమ్మెస్‌కు అమెరికా వెళుతున్నాడు. ఇంట్లో సూట్‌కేసులు తూకాలు వేస్తున్నారట. ఆ మాట వినగానే నా చెయ్యి 'బారిష్టర్ పార్వతీశం' మీదికి పోయింది. మొక్కపాటి నరసింహశాస్త్రి మొదటి భాగం అచ్చయింది 1924లో. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా సీమకు బయల్దేరి, మద్రాసులో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుని దర్జాగా తిరగడం ఈ పిల్లలకూ నవ్వు తెప్పిస్తుంది. కాకపోతే వందేళ్ల నాటి వాక్యం, పొడుగ్గా ఉంటుంది. "మధ్యలో పేజీలు దాటెయ్యొచ్చా సార్?" అంది. దాటెయ్యమన్నాను. దాటెయ్యడానికి అనుమతి లేని పుస్తకం పాఠ్యపుస్తకం ఒక్కటే.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు వచ్చు, తెలుగు చదవడం మాత్రం నత్తనడక. అచ్చు పేజీ చూడగానే గుండె జారుతుంది. అందుకే మొదటి పేజీలు నేనే గట్టిగా చదువుతాను. కథ ఊపందుకున్న చోట ఆపేసి పుస్తకం బల్ల మీద పెట్టి, టీ తాగొస్తానని లేచిపోతాను. ఎవరో ఒకరు దాన్ని లాక్కుంటారు. ఇందులో కాస్త మోసం ఉంది గానీ సీరియళ్లు నడిపిన వారపత్రికలన్నీ చేసిందిదే.

గట్టిగా చదవడానికి ఊళ్ల మాటలతో రాసిన కథలను మించినవి లేవు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', నామిని 'మిట్టూరోడి కతలు', సూర్యాపేట వైపు పల్లె బతుకు చెప్పే దేవులపల్లి కృష్ణమూర్తి 'ఊరు వాడ బతుకు'. ఇంట్లో మాట్లాడే మాట పుస్తకంలో ఉండొచ్చని తెలియడం ఈ పిల్లలకు పెద్ద విషయం. నెల్లూరు కథ నెల్లూరు పిల్లలకే, నల్లగొండ కథ నల్లగొండ పిల్లలకే అని పంచడం మాత్రం నాకు నచ్చదు. తనకు తెలియని యాసను తడుముకుంటూ చదివే పిల్ల మొహం చూస్తే మీకే అర్థమవుతుంది. ఇక పురాణాల సినిమాల మీద తెగ వాదించే అమ్మాయిలకు ఓల్గా 'విముక్త' ఇస్తుంటాను. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన ఆ కథల్లో సీత వెళ్లి శూర్పణఖనూ అహల్యనూ కలుస్తుంది. ఇచ్చిన తర్వాత వారం వరండాలో పెద్ద గొడవే అవుతుంది. అది నాకు సంతోషం.

ఒక తండ్రి వచ్చి, "మావాడి చేతికి డిటెక్టివ్ పుస్తకాలు ఇవ్వకండి" అన్నారు. మధుబాబు షాడో చదవని మగపిల్లవాడు తన తరంలో ఎంతమంది ఉన్నారో ఆయనకూ తెలుసు. అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకింతని కట్టి, గడువు లోపల ముగించాలని పరుగెత్తి చదవబట్టే మా తరానికి ఆ మాత్రం వేగం వచ్చింది. వేగం వచ్చినవాడు తర్వాత ఎటైనా వెళతాడు. ఆయన ఒప్పుకోలేదు. కుర్రాడు చదవడం మానలేదు.

కార్యక్రమాల విషయానికొస్తే, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, చివరి రోజు బహుమతులు, ఫొటో. బహుమతి వచ్చిన పిల్లలు మళ్లీ గ్రంథాలయం గడప తొక్కుతారా అంటే, బడి నుంచి వరసకట్టి తీసుకొచ్చిన పిల్లలు వరసకట్టే వెళ్లిపోతారు. పోటీలో ఓడినవాడికి గ్రంథాలయమంటే ఓడిన చోటుగా గుర్తుండిపోతుంది. ఈ వయసుకు పోటీలు బయట చాలానే ఉన్నాయి, ఇంకొకటి ఇక్కడెందుకు?

మా బల్ల దగ్గర పెట్టుకున్నవి చిన్న పనులు. చదివిన పుస్తకానికి పాత పేపరుతో అట్ట వేసి పేరు కనబడకుండా చేస్తారు. దాని మీద కథ బయటపెట్టకుండా మూడు వాక్యాలు రాస్తారు. "ఇందులో ఒక పందికి ఏమవుతుందోనని నేను అన్నం తినలేదు" అని ఆ ఇంటర్ కుర్రాడు రాశాడు. నేనెంత చెప్పినా కదలని పుస్తకం ఆ ఒక్క వాక్యానికి చేతులు మారుతూనే ఉంది. తోటివాడి మాటకున్న విలువ మన మాటకు ఉండదు. గోడపత్రిక ఇంకొకటి. డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు, నెలకొక సంచిక. ఒక సంచికకు అందరూ అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ అడిగి, ఊళ్లో ఇప్పుడు లేని చెరువులూ చెట్లూ టాకీసుల గురించి రాసుకొచ్చారు. హాల్లోంచి గ్రూప్స్ అభ్యర్థులు లేచి వచ్చి నిలబడి చదివారు. వాళ్లు సిలబస్ కానిది చదవడం నేను చూడటం అదే మొదలు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నవి అందులో రెండు. వాటిలో వయసు ప్రసక్తి లేదు. మనం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. అందులో ఈ పిల్లల వంతు ఒక అర, ఒక బల్ల అడగడం అత్యాశ కాదు. బీరువా కొత్తగా కొనక్కర్లేదు. ఉన్న పుస్తకాల్లోంచే ఏరి, ముఖచిత్రాలు కనబడేట్టు ఒక చోట నిలబెడితే చాలు. మా లైబ్రేరియన్ గారు దినపత్రికల స్టాండు ఒకటి ఖాళీ చేసి అదే చేశారు.

ఆదివారం కూడా రాలేని పిల్లలున్నారు, హాస్టళ్లలో. 1930ల్లో పాతూరి నాగభూషణం కాలవ మీద పడవలో పుస్తకాలు పంపి ఊరూరా చదివించారు. మాకు పడవ లేదు గానీ లైబ్రేరియన్ గారి స్కూటరుంది. మా వీధి చివరి జూనియర్ కాలేజీ హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక అరగంట ఇస్తామన్నారు. స్టడీ అవర్‌కు బెల్లు కొడితే లేచి రావాలని షరతు. సంచీలో ఏవి పెట్టాలా అని పిల్లల్నే అడిగి జాబితా రాస్తున్నాను. అన్నీ పలచటివే. వార్డెన్ గారు మాత్రం విడిగా ఫోన్ చేసి, షాడో ఉంటే ఒకటి తనకోసం పట్టుకు రమ్మన్నారు.